డ్రాపర్ పోస్ట్ పైకి రావడం లేదా? కొత్తది కొనేముందు ఒక్క గంట
(కాలిఫోర్నియాలోని మరీన్ కౌంటీలో, ఆదివారం రైడ్ తర్వాత తెలుగు సైక్లిస్టుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఫ్రీమాంట్ నుంచీ శాన్ రామోన్ నుంచీ పొద్దున్నే బైకులు కార్ల వెనక కట్టుకుని ఇంత దూరం వచ్చారు. ఇక్కడి చైనా క్యాంప్ పార్కులో రెండు గంటలు తొక్కి, అలసట మీద కూడా ఓపిగ్గా కూర్చున్నారు. అందుకే నేరుగా విషయంలోకి వస్తాను.

ఈ స్టాండు మీదున్న బైకు మన చెల్లెలిది, ముందు వరసలోనే ఉంది. ఈ బైకు సీటు కిందికి బాగానే దిగుతుంది. పైకి రావాలంటేనే కష్టం. లీవర్ నొక్కితే సగం దాకా వచ్చి ఆగిపోతుంది, మిగతా సగం చేత్తో లాగాలి. షాపులో చూపిస్తే ‘లోపల కార్ట్రిడ్జ్ పోయింది, కొత్త పోస్ట్ వేయించుకోండి’ అన్నారట. కార్ట్రిడ్జ్ అంటే పోస్ట్ లోపల సీటుని లేపే నూనె, గాలి ఉన్న భాగం. డబ్బు కట్టకముందే నాకు ఫోన్ చేసింది, మంచి పని చేసింది. మీ అందరి ముందూ చూద్దామని నేను దీని మీద ఇంతవరకూ చెయ్యి వెయ్యలేదు.

కొత్తగా వచ్చినవాళ్ల కోసం రెండు మాటలు. కొండ ఎక్కేటప్పుడు సీటు ఎత్తుగా ఉండాలి, అప్పుడే కాలు చాచి బలంగా తొక్కగలం. దిగేటప్పుడు అదే సీటు అడ్డం. ఒంటిని వెనక్కీ కిందికీ జరపనివ్వదు. ముందు చక్రం ఒక రాయికి కొట్టుకుంటే చాలు, సీటు వెనక నుంచి ఎగదోసి మనిషిని హ్యాండిల్ మీదుగా విసిరేస్తుంది. బైకు ఆపకుండా, దిగకుండా, బొటనవేలితో లీవర్ నొక్కి సీటు దించుకోవడానికీ లేపుకోవడానికీ ఉన్న, సీటుని మోసే గొట్టమే డ్రాపర్ పోస్ట్. అది సరిగ్గా పనిచెయ్యకపోతే విసుగు మాత్రమే కాదు, ప్రమాదం కూడా. సీటు దిగుతుందని నమ్ముకుని వాలులోకి దిగాక అది దిగకపోతే ఏమవుతుందో మీలో కొందరికి అనుభవమే.

ఇది పుట్టిన చోటే మనం కూర్చుని ఉన్నాం, అందుకని ఈ నాలుగు మాటలూ చెప్పాలి. ఫేర్‌ఫాక్స్ పక్కన ఉన్న పైన్ మౌంటెన్ మీద 1976 అక్టోబర్ 21న మొదటి రీప్యాక్ రేసు జరిగింది. రెండు మైళ్ల మట్టి దారి, దాదాపు 1,300 అడుగుల దిగుడు. వాళ్ల సైకిళ్లన్నీ పాతవి, బరువైనవి, బ్రేకు వెనక చక్రం ఇరుసులోనే ఉండేది. కిందికి చేరేసరికి ఆ వేడికి ఇరుసులో గ్రీజు కాలి పొగై పోయేది. మళ్లీ విప్పి కొత్త గ్రీజు కూరాల్సి వచ్చేది. రీప్యాక్ అంటే ఆ కూరడమే. మౌంటెన్ బైకింగ్‌కి పురిటిగడ్డ లాంటి దారికి ఒక రిపేరు పని పేరే పెట్టుకున్నారు వాళ్లు. నాకు చాలా ఇష్టమైన సంగతి ఇది. ఆ రేసుల్లో పాల్గొన్న జో బ్రీజ్, జోష్ ఏంజెల్‌తో కలిసి 1984 ప్రాంతంలో హైట్ రైట్ అనే ఒక స్ప్రింగు తెచ్చారు. సీటు క్లాంప్, అంటే పోస్టుని ఫ్రేములో బిగించి పట్టే పట్టీ, వదులు చేసి ఒంటి బరువుతో సీటు దించి బిగిస్తే దిగేది. మళ్లీ వదులు చేస్తే స్ప్రింగే పైకి నెట్టేది. ఆలోచన అదే. 2010లో రాక్‌షాక్స్ రివర్బ్ వచ్చాక నూనెతో నడిచే పోస్టులు అందరి నోటా పడ్డాయి. 2022లో మాటెయ్ మొహోరిచ్ అనే రేసరు ఇటలీలోని మిలాన్–సాన్ రేమో రోడ్ రేసుకి డ్రాపర్ వేసుకెళ్లి, పోజ్జియో కొండ దిగుడులో అందర్నీ వెనక్కి నెట్టి గెలిచాడు. కాబట్టి ఇది ఇప్పుడు కొండల వాళ్ల వస్తువు మాత్రమే కాదు.

సరే, లోపల ఏముంటుంది? ఒక సిరంజి ఊహించుకోండి. నిండా నీళ్లు నింపి, మూతి దగ్గర వేలు గట్టిగా అదిమి, వెనక నుంచి నొక్కండి. కదలదు. వేలు తీస్తే కదులుతుంది. మీ లీవర్ చేసే పని ఆ వేలు తీయడమే. కార్ట్రిడ్జ్‌లో నూనె ఉంటుంది, దారిలో ఒక చిన్న వాల్వ్ ఉంటుంది. లీవర్ నొక్కితే వాల్వ్ తెరుచుకుని నూనె అటూ ఇటూ పోతుంది, వదిలితే మూసుకుని సీటు ఎక్కడుంటే అక్కడ ఆగిపోతుంది. పైకి నెట్టేది లోపల ఒత్తిడితో ఉన్న గాలి. ఇప్పుడు అదే సిరంజిలో నీళ్లతోపాటు ఒక గాలి బుడగ ఉందనుకోండి. వేలు అదిమినా నొక్కితే కొంచెం లోపలికి పోయి మళ్లీ వస్తుంది. సీటు పూర్తిగా పైన ఉన్నప్పుడు కూర్చుంటే స్ప్రింగు మీద కూర్చున్నట్టు మెత్తగా అణిగి లేస్తోందంటే, నూనెలోకి గాలి చేరిందన్నమాట. అది నిజంగా కార్ట్రిడ్జ్ జబ్బు. సగంలో ఆగిపోవడం, నెమ్మదిగా రావడం చాలాసార్లు కార్ట్రిడ్జ్ జబ్బే కాదు. ఈ తేడా తెలియకనే చాలామంది కొత్తవి కొంటున్నారు.

మాది నరసరావుపేట దగ్గర పల్లెటూరు. మా ఊళ్లో సైకిల్ షాపు ఆయన ఉండేవారు, గంటకింతని సైకిళ్లు అద్దెకిచ్చేవారు. గాలి దిగిపోయిందని సైకిల్ తీసుకెళ్తే ఆయన టైరు మీద చెయ్యి వేసేవారు కాదు. ముందు గాలి కొట్టి, వాల్వ్ మూతి మీద కొంచెం ఉమ్మి రాసి చూసేవారు. బుడగ వస్తే వాల్వ్ ట్యూబ్ పోయినట్టు. పైసల్లో అయిపోయే పని. బుడగ రాకపోతేనే టైరు విప్పి, ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచేవారు. డ్రాపర్ ముందు కూర్చున్న ప్రతిసారీ నాకు ఆయనే గుర్తొస్తారు. బయట ఉన్నది చూడకుండా లోపలిది విప్పకూడదు. ఇవాళ కూడా అదే వరసలో వెళ్దాం.

ముందు లీవర్. (లీవర్ నొక్కుతూ) ఇక్కడ కేబుల్ లాగడం మొదలయ్యే ముందు మిల్లీమీటరో రెండు మిల్లీమీటర్లో వదులు ఉండాలి. ఆ వదులు అస్సలు లేకపోతే వాల్వ్ పూర్తిగా మూసుకోదు. అప్పుడు కూర్చుంటే సీటు మెల్లగా కుంగుతుంది, లేదా బైకును సీటు పట్టుకుని ఎత్తితే సీటు ఒక్కటే పైకి వస్తుంది. వదులు మరీ ఎక్కువైతే వాల్వ్ సగమే తెరుచుకుంటుంది, సీటు నత్తలా కదులుతుంది. లీవర్ దగ్గరున్న ఈ బ్యారెల్‌ని బయటికి తిప్పితే కేబుల్ బిగుస్తుంది, లోపలికి తిప్పితే వదులవుతుంది. ఇందులో వదులు కొంచెం ఎక్కువే ఉంది. రెండు చుట్లు బిగిస్తున్నాను. నొక్కి చూద్దాం. (సీటు సగంలో ఆగింది.) తేడా లేదు. అంటే లోపం ఇక్కడ లేదు.

రెండోది సీటు క్లాంప్. దీని దగ్గర కొంచెం ఎక్కువ సేపు ఆగుతాను, ఎందుకంటే నేను డబ్బు పోగొట్టుకున్నది ఇక్కడే.

మూడేళ్ల కిందట సాంతా క్రూజ్ కొండల్లో, సోక్వెల్ డెమో ఫారెస్ట్‌లో తొక్కుతుంటే నా సీటు లేవడం మానేసింది. ఒక షాపుకి తీసుకెళ్తే కార్ట్రిడ్జ్ పోయిందన్నారు. 240 డాలర్లు పెట్టి కొత్త పోస్ట్ వేయించుకున్నాను. నెల తిరక్కుండా కొత్తది కూడా అలాగే తయారైంది. అప్పుడు కూర్చుని తయారీదారు ఇచ్చిన కాగితం మొదటిసారి పూర్తిగా చదివాను. అందులో క్లాంప్‌ని ఇంతకు మించి బిగించవద్దని రాసి ఉంది. నేనేం చేశానంటే, సీటు పోస్ట్ మొత్తం ఫ్రేములోకి జారుతోందని ప్రతి రైడ్ తర్వాతా క్లాంప్‌ని ఇంకొంచెం, ఇంకొంచెం బిగిస్తూ పోయాను. క్లాంప్ నొక్కేది ఫ్రేముని, ఫ్రేము నొక్కేది పోస్ట్ బయటి గొట్టాన్ని. ఆ గొట్టం గోడ చాలా పల్చన. అది వెంట్రుకవాసి లోపలికి నొక్కుకుపోయినా లోపలి గొట్టం దాని గుండా జారలేక పట్టేస్తుంది. పాత పోస్టుని మళ్లీ పెట్టి, క్లాంప్ చెప్పినంతే బిగిస్తే కొత్తదానిలా లేచింది. ఆ పాత పోస్ట్ ఇవాళ పొద్దున కూడా నా బైకులో ఉంది.

చాలా క్లాంపులకు 5 నుంచి 6 న్యూటన్ మీటర్లు చాలు. మీ ఫ్రేము మీద, క్లాంప్ మీద రాసి ఉంటుంది, అదే చూడండి. ఎంత బిగించామో చెప్పే చిన్న టార్క్ రెంచ్ ఒకటి కొనుక్కోండి, చేతి అంచనా వద్దు. ఇప్పుడు దీన్ని వదులు చేస్తాను. (రెంచ్‌తో) చూశారా, ఎంత బలం పెడితే కదిలిందో. అర చుట్టు వదిలాను. నొక్కుతున్నాను. (సీటు ముప్పావు వంతు పైకి వచ్చింది.) ఇందాక సగంలో ఆగింది, ఇప్పుడు ముప్పావు దాకా వచ్చింది. అంటే క్లాంప్‌ది తప్పు ఉంది. తప్పు మొత్తం దానిది కాదు, రెండో దొంగ కూడా ఉన్నాడు.

వెనక నుంచి అన్నయ్య అడుగుతున్నారు, ‘క్లాంప్ తక్కువ బిగిస్తే పోస్ట్ ఫ్రేములోకి జారదా’ అని. మంచి ప్రశ్న. జారుతుంది. దానికి మందు బిగించడం కాదు, గరుకు పేస్ట్. కార్బన్ ఫ్రేములకు వాడే పేస్ట్ దొరుకుతుంది, సన్నటి ఇసుకలా తగులుతుంది. సీటు గొట్టం లోపల పల్చగా రాస్తే తక్కువ బిగుతుకే పోస్ట్ ఆగుతుంది. ఇంకో మాట. పోస్ట్ ఫ్రేములోకి జారుతోందా, లేక డ్రాపరే కుంగుతోందా అని అనుమానం వస్తే, ఫ్రేము అంచు దగ్గర పోస్ట్ మీద చిన్న టేపు ముక్క అంటించి ఒక రైడ్‌కి వెళ్లండి. టేపు కిందికి పోయి ఉంటే జారింది, ఉన్నచోటే ఉంటే డ్రాపరే కుంగుతోంది. రెంటికీ వైద్యం వేరు.

ఇప్పుడు మూడో పరీక్ష. నా దృష్టిలో అన్నిటికన్నా విలువైనది ఇదే. పోస్టునీ కేబుల్‌నీ విడదీసి, పోస్టుని చేత్తో నడిపి చూడటం. ఇద్దరు అన్నదమ్ములు గొడవపడుతుంటే ఇద్దర్నీ ఒకే గదిలో పెట్టి విచారిస్తే నిజం తేలదు కదా.

క్లాంప్ పూర్తిగా వదిలి, ఒక చేత్తో పోస్టుని పైకి లాగుతూ, ఇంకో చేత్తో హ్యాండిల్ దగ్గర హౌసింగ్‌ని, అంటే కేబుల్ తీగ మీది తొడుగుని, లోపలికి తోస్తూ రావాలి. గుంజకండి. హౌసింగ్ విరిగినట్టు వంగితే అదో కొత్త సమస్య. (పోస్ట్ బయటికి తీస్తారు.) కింద ఈ చిన్న మీట కనిపిస్తోందా? కేబుల్ చివర ఉన్న గుండు దీనికే తగులుకుని ఉంటుంది. తీసేశాను. ఇప్పుడు సీటుని నేల మీద మెత్తటి గుడ్డపై ఆనించి, ఈ మీటని ఒక అలెన్ కీతో నొక్కి, బరువు వేసి దించుతాను. ఒక జాగ్రత్త, మీట నొక్కితే ఇది ఎదురు లేస్తుంది, కాబట్టి ముఖం దీని పైకి తీసుకురాకండి. నొక్కుతున్నాను. (టక్కుమని చప్పుడు.) విన్నారా? పూర్తిగా, ఒక్క దెబ్బకి వచ్చింది. ఇంకోసారి. (మళ్లీ చప్పుడు.) చెల్లీ, నీ కార్ట్రిడ్జ్ నిక్షేపంలా ఉంది.

ఇది ఇలా లేవకపోయి ఉంటే? కొన్ని పోస్టుల్లో మనం గాలి నింపుకోవచ్చు. సీటు కింద, పైభాగంలోనో, పోస్ట్ అడుగునో ఒక వాల్వ్ ఉంటుంది. పాత రివర్బ్‌లకు 250 పీఎస్ఐ పెట్టాలి. టైరు పంపుతో అంత ఒత్తిడి రాదు, సస్పెన్షన్‌కి వాడే షాక్ పంపు కావాలి. ఈ చెల్లెలి పోస్ట్ లాంటి వాటిలో మాత్రం కార్ట్రిడ్జ్ పూర్తిగా మూసేసి ఉంటుంది. అది పోతే కార్ట్రిడ్జ్ ఒక్కటే మార్చుకోవచ్చు, చాలా కంపెనీలు విడిగా అమ్ముతాయి. దయచేసి దాన్ని కోయకండి, రంధ్రం చేయకండి. లోపల గాలి చాలా ఒత్తిడితో ఉంటుంది, ముఖానికి తగిలితే కన్ను పోతుంది. గాలి నింపే రకమైనా సరే, గాలి పూర్తిగా వదిలాకే ఏ మరనైనా విప్పండి. బైక్‌యోక్ రివైవ్ అనే పోస్టులో నూనెలో చేరిన గాలిని మనమే బయటికి పంపే చిన్న ఏర్పాటు ఉంది, విప్పకుండానే నిమిషంలో అయిపోతుంది. 2020లో వచ్చిన కొత్త రివర్బ్‌కీ అలాంటి వాల్వే పెట్టారు. పాత రివర్బ్‌ల్లో లీవర్ దగ్గర కేబుల్ బదులు నూనె గొట్టం ఉంటుంది, నెమ్మదిగా లేస్తోందంటే ముందు ఆ గొట్టంలో గాలి తీయించండి.

ఈ సందర్భంలోనే చెప్పాలి. సీటు కిందికి దించి ఉన్నప్పుడు సీటు పట్టుకుని బైకు ఎత్తకండి, సీటుకి వేలాడదీయకండి. లోపల పిస్టన్‌ని వెనక్కి లాగినట్టవుతుంది, అలా నూనెలోకి గాలి చేరవచ్చు. ఇంట్లో నిలబెట్టేటప్పుడు సీటు పైకి లేపి ఉంచండి. రిపేరు స్టాండుకి బిగించేటప్పుడు కూడా నిగనిగలాడే లోపలి గొట్టాన్ని పట్టించకూడదు. పోస్టుని కొంచెం పైకి లాగి, నల్లటి బయటి గొట్టాన్ని పట్టించాలి. లోపలి గొట్టం మీద ఒక్క గీత పడితే ఆ గీత సీల్‌ని కోసేస్తుంది.

పోస్ట్ మంచిది అని తేలింది. ఇక మిగిలింది కేబుల్. (లోపలి తీగ లాగుతూ) ఎవరైనా వచ్చి లాగి చూడండి. రండి తమ్ముడూ. ఎలా ఉంది? గరగరమంటోంది కదా. తీగ పూర్తిగా తీస్తున్నాను. ఈ మధ్యభాగం చూడండి, గోధుమరంగు తుప్పు. ఇక్కడి నుంచి బురద నీళ్లు కారుతున్నాయి. పెడల్స్ ఉన్న చోటు నుంచి సీటు గొట్టంలోకి మలుపు తిరిగే భాగం ఇది. ఫ్రేములో అన్నిటికన్నా పల్లం అదే, నీళ్లన్నీ అక్కడికే చేరతాయి. చలికాలం వానలో కారు వెనక రాక్ మీద బైకు కట్టుకుని హైవే మీద వెళ్తే, టైర్లు లేపే నీళ్లన్నీ ఈ సందుల్లోకే కొడతాయి. ఇంటికొచ్చి గొట్టంతో కడిగితే ఇంకొన్ని. లీవర్ నొక్కినప్పుడు ఆ బలంలో చాలా భాగం తుప్పుతో పెనుగులాడటానికే పోయింది. వాల్వ్ దాకా మిగిలింది తక్కువ.

తీగా హౌసింగూ రెండూ మారుస్తాను. తీగ ఒక్కటే మారిస్తే పాత హౌసింగ్‌లోని తుప్పు కొత్త తీగని మళ్లీ పట్టేస్తుంది. గేర్లకు వాడే 4 మిల్లీమీటర్ల హౌసింగ్ సరిపోతుంది. పాత హౌసింగ్‌ని బయటికి లాగేయకండి. దాని చివరికి కొత్తదాన్ని సన్నటి తీగతో జతచేసి, పాతదాన్ని లాగితే కొత్తది దానంతట అదే ఫ్రేము గుండా వస్తుంది. సూదిలో దారం మార్చినట్టే. కోయడానికి కేబుల్ కట్టర్ వాడండి, పటకారుతో కోస్తే చివర నలిగిపోతుంది. కోశాక లోపలి ప్లాస్టిక్ నాళం మూసుకుపోతుంది, పిన్నీసుతో గుండ్రంగా తెరవండి. ఈ చిన్న పని మర్చిపోతే కొత్త కేబుల్ కూడా మొదటి రోజే బరువుగా ఉంటుంది. పొడవు పోస్టుని బయటికి తీయడానికి సరిపడా ఉండాలి, అంతకు మించి ఉంటే ఫ్రేములోపల చుట్టలు పడి మెలిక తిరుగుతుంది.

పోస్ట్ ఎలాగూ బయటే ఉంది, పనిలో పని కాలర్ కూడా చూద్దాం. గొట్టాలు కలిసే చోట ఉన్న ఈ మూత. చేత్తో విప్పితే వస్తుంది, రాకపోతే రబ్బరు పట్టీ రెంచ్ వాడండి. దీని లోపల దుమ్ముని ఆపే వైపర్ సీల్ ఉంది. ఎండాకాలం చివర మన దారుల్లో పిండిలాంటి దుమ్ము లేస్తుంది కదా, అదంతా ఇక్కడే పేరుకుంటుంది. చూడండి, నల్లటి ముద్ద. దీన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన నూలుపోగులు రాని గుడ్డతో తుడుస్తాను. ఇంకా లోపల ఈ మూడు ఇత్తడి పిన్నులు సీటు పక్కకి తిరగకుండా పట్టుకుంటాయి. సీటు ముక్కు పట్టుకుని తిప్పితే కొంచెం కదలడం మామూలే. బాగా కదులుతోందంటే ఇవి అరిగాయి. ఒక్కో సైజుకీ ఒక్కో గుర్తు వేసి అమ్ముతారు, పాతదాని మీది గుర్తు చూసి కొంచెం లావుది తెప్పించుకోండి. ఇవి బాగానే ఉన్నాయి.

గ్రీజు విషయంలో చాలామంది పొరపాటు పడతారు. బేరింగులకు వాడే చిక్కటి గ్రీజు వద్దు, దాంతో సీటు ఇంకా నెమ్మదిస్తుంది. సస్పెన్షన్‌కి వాడే పల్చటి గ్రీజు, స్లికోలియం లాంటిది, సీల్ లోపలి అంచుకీ పిన్నులకీ వేలితో పల్చగా రాస్తే చాలు. డబ్ల్యూడీ-40 కొడితే ఆ నిమిషానికి గలగలా లేస్తుంది, కానీ లోపలున్న గ్రీజుని కడిగేస్తుంది. వారం తర్వాత మొదటికన్నా అధ్వాన్నం.

అక్క అడుగుతున్నారు, ‘ఇదంతా ఎన్నాళ్లకోసారి చేయాలి’ అని. కాలర్ తుడిచి గ్రీజు రాయడం నేను వానాకాలం ముందొకసారి, తర్వాతొకసారి చేస్తాను. ఇరవై నిమిషాల పని. వానలో తొక్కొస్తే మాత్రం ఆ రోజే పోస్ట్ బయటికి తీసి, బైకుని తలకిందులు చేసి నీళ్లు కారనిస్తాను. తీసేముందు సీటు ఎత్తు దగ్గర టేపు గుర్తు పెట్టుకుంటే మళ్లీ కొలతలు తీసుకోనక్కర్లేదు.

ఇప్పుడు అన్నీ తిరిగి కూరుస్తున్నాను. గుండు మీటలో కూర్చుంది. పోస్ట్ లోపలికి దించుతూ హ్యాండిల్ దగ్గర హౌసింగ్‌ని అదే వేగంతో బయటికి లాగుతున్నాను. గరుకు పేస్ట్ రాశాను. క్లాంప్, 5 న్యూటన్ మీటర్లు, టార్క్ రెంచ్ టిక్కుమంది, ఆపేశాను. లీవర్ దగ్గర మిల్లీమీటరు వదులు ఉంచాను.

చెల్లీ, రా. బైకు నీది, నువ్వే నొక్కు. ముందు సీటు మీద బరువు వేసి దించు. ఆఁ, వదులు. ఇప్పుడు లేచి నిలబడి నొక్కు.

(సీటు ఒక్కసారిగా పైకి లేచి టక్కుమంది. చప్పట్లు.)

ఇంకోసారి. ఈసారి సగంలో వదిలి, కూర్చుని చూడు. మెత్తగా అణుగుతోందా? లేదు కదా. అలాగే ఉంటే సరే.

తర్వాత ఎవరి బైకు?